ఉగ్గు తిన్న తండ్రి

మొదటే చెప్పేస్తాను. ఎనిమిది నెలల మా పాప కోసం మా అత్తగారు చేసి తెచ్చిన ఉగ్గుపిండిని నేను తిన్నాను. ఏదో ఒక చెంచా రుచి చూడటం కాదు. పదకొండు రోజులపాటు, రోజూ, ఇష్టంగా తిన్నాను. తిన్నందుకు కొంచెం సిగ్గుపడుతున్నాను. దాన్ని దాచడానికి చేసిన పనులకి ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఆ మధ్యలో నోరు జారి, జారి కూడా కాదు, కావాలనే అన్న ఒక మాటకి మాత్రం ఎంత సిగ్గుపడాలో ఇప్పటికీ తేలలేదు.

నేను పలాసలో ఒక జీడిపప్పు మిల్లులో సూపర్వైజర్ని. ఒలిచిన పప్పుని ఆడవాళ్లు విడిపోని గుండ్లు వేరు, రెండుగా విడిన బద్దలు వేరు, ముక్కలు వేరుగా ఏరి పోస్తారు. గుండ్లలో బద్ద కలిసిందా, తెల్లపప్పులో మాడింది కలిసిందా అని చూడటం నా పని. కిటికీ దగ్గర వెలుతురులో గుప్పెడు పట్టుకుని చూస్తే చాలు, ఏ బల్ల దగ్గర కలిపారో కూడా చెబుతానని మిల్లులో నాకు పేరు. ఆ పేరు మిల్లులోనే వదిలేసి రావాల్సింది. నేను ఇంటికి కూడా మోసుకొచ్చాను. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పాప డైపర్ దాకా ఏది మంచిదో ఏది కాదో నేనే తేల్చేవాణ్ని. మా ఆవిడ చాలావరకు ఊరుకునేది. ఆమె ఊరుకుంటే నేను గెలిచాననుకునేవాణ్ని.

పాపకి ఆరు నెలలు నిండాక టెక్కలిలో పిల్లల డాక్టరుకి చూపించాం. మా ఆవిడ పక్క గదిలో పాపకి బట్టలు మారుస్తుంటే ఆయన నాతో అన్నాడు: ఇంట్లో శుభ్రంగా చేసుకునే ఉగ్గుకి మించింది లేదు, ప్రయాణాల్లో కుదరకపోతే డబ్బా పిండి పెట్టినా పర్వాలేదు అని. బయటికి వచ్చాక మా ఆవిడ అడిగితే, డబ్బా పిండి పెట్టమన్నారని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు. బద్దల్ని గుండ్లని చెప్పి అమ్మడం లాంటిది.

డబ్బా మీద నాకంత మోజు ఎందుకంటే, అందులో ఒక కొలత చెంచా ఉంది. డబ్బా చుట్టూ సన్న అక్షరాల్లో పట్టికలు ఉన్నాయి. ఇన్ని చెంచాల పిండి, ఇన్ని మిల్లీలీటర్ల నీళ్లు, ఇన్ని నిమిషాలు. చదువుకున్న తండ్రి చేయాల్సిన పనిలా కనిపించింది. భావనపాడులో మా నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్లి వచ్చి, చేతులు కడుక్కుని, తన అన్నంలోంచి ఒక ముద్ద మెత్తగా పిసికి నా నోట్లో పెట్టేవాడట. నేను అలాంటి తండ్రిని కాకూడదనుకున్నాను. ఎందుకు కాకూడదో ఎప్పుడూ ఆలోచించలేదు.

డబ్బా పిండిని పాప రెండు నెలలు నా ముఖం మీదే ఉమ్మింది. చివరికి మా ఆవిడ వాళ్ల అమ్మకి ఫోన్ చేసింది.

వాళ్లది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా అత్తగారు రెండు బస్సులు మారి, ఒళ్లో ఒక పెద్ద స్టీలు డబ్బా పెట్టుకుని దిగారు. అందులో ఉగ్గుపిండి. బియ్యం, పెసరపప్పు, కాస్త మినప్పప్పు, కాస్త జీలకర్ర కడిగి, నీడన గుడ్డ మీద ఆరబెట్టి, దేనికది విడిగా దోరగా వేయించి, తిరగలిలో విసిరి, పల్చటి గుడ్డతో జల్లించిన పిండి. ఆ ఒడ్డున అక్కుపల్లి దాకా వాళ్ల బంధువుల్లో ఏ ఇంట బిడ్డకి ఆరు నెలలు నిండినా బియ్యం, పప్పు తీసుకుని ఆమె దగ్గరికే వస్తారు. ఎన్ని నోళ్లు ఆ పిండితో తిండి నేర్చుకున్నాయో ఆమెకే లెక్క తెలియదు.

ఒక సంగతి చెప్పాలి. మా అత్తగారు నా ఎదురుగా నిలబడరు, నాతో నేరుగా మాట్లాడరు. వాళ్ల పెద్దవాళ్లలో అల్లుడి దగ్గర అదొక మర్యాద. పెళ్లయిన మూడేళ్లలో నాతో అనాల్సినవన్నీ వంటగది గుమ్మం చాటున నిలబడి మా ఆవిడతో అనేవారు. ఇప్పుడు ఆ పని పాపకి అప్పగించారు. పాపకి మాటలు రావు కనుక అటునుంచి ఎదురు ప్రశ్న ఉండదు. ఆమెకి చాలా వీలుగా ఉండేది.

వచ్చిన పూటే నేను హాల్లోంచి నా క్వాలిటీ చెకింగ్ మొదలుపెట్టాను. ఉద్దానం నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, కిడ్నీల గొడవ ఉన్నచోట ఆ నీళ్లతో కడిగిన బియ్యం పసిపిల్లకి అవసరమా, డబ్బా పిండి అయితే ఏ భయమూ లేదు కదా అన్నాను. గుమ్మం చాటునుంచి పాపతో మాటలు వినిపించాయి.

"మీ నాన్ననడగవే తల్లీ, డబ్బా పిండి దేంతో కలుపుతాడట? గాలితోనా? కొన్న నీళ్లతోనే కడిగినాను బియ్యం, ఏటనుకున్నాడో."

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. నేను పేపరు ఎత్తి పట్టుకున్నాను.

ఇంతకంటే పెద్ద దెబ్బ అరగంటకి తగిలింది. నెయ్యి చుక్క వేసి ఉడికించిన ఆ ఉగ్గుని పాప ఒక చెంచా మింగి, రెండో చెంచా కోసం మెడ చాచింది. గిన్నె ఖాళీ అయ్యాక గిన్నె అంచుని కొరికింది. రెండు నెలలు నా ముఖం మీద ఉమ్మిన పిల్ల. పొద్దున డబ్బా పిండి, సాయంత్రం ఉగ్గు పెట్టి చూద్దాం, ఏది మంచిదో నెలాఖరుకి తేల్చుకుందాం అని నేనే ఒక పందెంలాంటిది పెట్టాను. అంటే ఓడిపోవడాన్ని నెలాఖరుకి వాయిదా వేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం అయిదింటికి మిల్లు నుంచి వచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ పాపని తీసుకుని మేడ మీద బట్టలు తీస్తున్నారు. వంటింట్లో ఉగ్గు గిన్నె అడుగున కాస్త మిగిలి ఉంది. ఏముంది ఇందులో అని, పరీక్ష కోసమే, వేలితో తీసి నాకాను. వేగిన పెసరపప్పు వాసన, దాని వెనకాల జీలకర్ర, ఆ వెనక నెయ్యి. రోజంతా జీడిపప్పు మధ్య ఉండేవాడికి ఇంకే పప్పూ ఆనదనుకునేవాణ్ని. గిన్నె పూర్తిగా నాకి, కడిగి బోర్లించాను. మా ఆవిడ దిగివచ్చి గిన్నె చూసి, పెళ్లయ్యాక మీరు కడిగిన మొదటి గిన్నె ఇదేనండి అని మెచ్చుకుంది.

మూడో రోజుకి గిన్నె అడుగుది చాలలేదు. స్టీలు డబ్బాలోంచి పొడిపిండి నాలుగు చెంచాలు తీసి, బెల్లం, నెయ్యి వేసి కలిపాను. ముద్ద కట్టింది. ఉండ చేశాను. సున్నుండకి తమ్ముడిలా ఉంది. అయిదో రోజుకి అవి లంచ్ డబ్బాలో మిల్లుకి రావడం మొదలుపెట్టాయి. భోజనాల వేళ నేను గోడవైపు తిరిగి తినేవాణ్ని. మిల్లులో వాళ్లు నాకేదో జబ్బు చేసిందని, మందు తింటున్నానని అనుకున్నారు.

స్టీలు డబ్బా సగానికి వచ్చాక భయం పట్టుకుంది. మిగిలిన నిజమైన పిండినంతా నా పాత టిఫిను డబ్బాలోకి మార్చి, బీరువాలో స్వెట్టర్ల వెనక పెట్టాను. స్టీలు డబ్బాని డబ్బా పిండితో నింపాను. రంగు కలవలేదు. అది మరీ తెలుపు, ఇది గోధుమరంగు. అక్కడ నా ఉద్యోగ అనుభవం పనికొచ్చింది. చోడిపిండి, అంటే రాగిపిండి, చెంచా చెంచా చొప్పున కలుపుతూ కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాను. మూడో చెంచాకి రంగు సరిగ్గా కుదిరింది. మిల్లులో ఇంకెవరైనా అంత బాగా కలిపి ఉంటే నేను పట్టుకోగలిగేవాణ్ని కాదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రం నుంచి పాప ఉగ్గు తినడం మానేసింది. పొద్దునా అదే, సాయంత్రమూ అదే అని దానికి తెలుసు. నన్ను మినహాయిస్తే దానికొక్కదానికే తెలుసు. చెంచా చూడగానే పెదవులు బిగించేది. మా అత్తగారు పాట పాడారు, కాకిని చూపించారు, చెంచాని పడవ చేసి అలల మీద ఊపారు. పాప పడవని చేత్తో తోసేసింది. ఆమె వేలి మీద కాస్త తీసుకుని వాసన చూశారు, నాలుక మీద పెట్టుకున్నారు. మళ్లీ వాసన చూశారు.

రెండో రోజు కూతుర్ని రుచి చూడమన్నారు. మా ఆవిడకి జలుబు. బాగానే ఉందమ్మా అంది. మూడో రోజు గుమ్మం చాటున, పాపకి కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు వినపడింది.

"వేయించడం ఎక్కడ తప్పినానో తెలట్లేదు. మళ్లీ కాసిన్ని బియ్యం వేసి సూత్తాను."

మళ్లీ చేస్తే నా పని అయిపోతుంది. కొత్త పిండికీ పాత పిండికీ తేడా ఇద్దరికీ తెలిసిపోతుంది. అప్పుడు అన్నాను ఆ మాట. హాల్లో కుర్చీలో కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని, అందులోంచి చదువుతున్నట్టుగా, గుమ్మం దాకా వినపడేలా చదివాను: వయసు మీద పడ్డాక ముక్కుకీ నాలుకకీ పదును తగ్గిపోతుందట, వేయించేటప్పుడు వాసన పట్టలేరట, అందరికీ వచ్చేదేనట, బాధపడాల్సిందేమీ లేదట.

ఫోన్లో అలాంటిదేమీ లేదు. క్రికెట్ స్కోరు ఉంది.

మా అత్తగారు బియ్యం నానబెట్టలేదు. ఆ రాత్రి చేపల పులుసు పొయ్యి మీద ఉండగా కూతుర్ని పిలిచి ఉప్పు చూడమన్నారు. మర్నాడు పప్పులో పులుపు చూడమన్నారు. మా ఆవిడ నా దగ్గరికి వచ్చి, మా అమ్మ వంటలో ఇంకొకర్ని రుచి అడగడం నా జన్మలో చూడలేదండీ, ఏదో అయిపోతోంది ఆమెకి, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అంది. నేను తలూపాను. తలూపి బీరువా వైపు చూశాను. చెప్పేయాలనే అనుకున్నాను. కాకపోతే టిఫిను డబ్బాలో ఇంకా మూడు రోజుల పిండి ఉంది. అది అయిపోయాక చెబుదామనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని అంతకుముందు నాకు తెలియదు.

పదకొండో రోజు ఆదివారం, మిల్లుకి సెలవు. మధ్యాహ్నం పడక గదిలో బీరువా తలుపు చాటున నిలబడి, ఆ రోజు బెల్లం కలిపే వీలు చిక్కక, పొడిపిండే నోటి నిండా పోసుకున్నాను. అప్పుడే హాల్లో ఫోన్ మోగింది. అక్కుపల్లిలో ఉన్న మా అత్తగారి చెల్లెలి కూతురు. వాళ్ల రెండోవాడికి ఆరు నెలలు నిండుతున్నాయి. పై ఆదివారం వచ్చి ఉగ్గుపిండి చేసి పెట్టమని అడుగుతోంది. ఫోన్ స్పీకర్లో ఉంది, నాకంతా వినపడుతోంది.

"నాను సెయ్యలేనే అమ్మా," అన్నారు మా అత్తగారు. "నా సెయ్యి పాడైపోనాది. ఇక్కడ నా మనవరాలే తినట్లేదు, నీ గుంటడేటి తింటాడు."

"అదేటి పెద్దమ్మా, మా పెద్దోడు నీ ఉగ్గు తినే కదా లెగిసినాడు."

"అది అప్పుడు. ఇప్పుడు నా నాలిక్కి తెలట్లేదే. నువ్వు డబ్బా కొనుక్కో. మా అల్లుడు మంచి డబ్బా తెచ్చినాడు. ఉండు, పేరు సదివించి సెప్తాను." తర్వాత పాపతో, "మీ నాన్నని పిలవవే తల్లీ, డబ్బా పేరు సదివి సెప్పమను."

పాప పిలవలేదు కానీ మా ఆవిడ డబ్బా పట్టుకుని గదిలోకి వచ్చేసింది. వెనకాల, బీరువా పక్కనే ఉన్న గుమ్మం దాకా పాపని చంకనేసుకుని మా అత్తగారు, ఆమె చేతిలో ఫోన్. నేను బీరువా తలుపు మూశాను. నోరు కూడా మూశాను. మా ఆవిడ డబ్బా నా ముందు పెట్టి, చదవండి అంది. నేను తలూపాను. చదవమంటే తలూపుతారేంటండి అంది. పొడిపిండి అంగిలికి అతుక్కుపోయింది. మింగుడు పడదు, కక్కలేను. ముక్కుతో గట్టిగా గాలి పీల్చాను. అది తప్పయిపోయింది. పొలమారింది.

ఒక్క దగ్గుకి నా నోట్లోంచి గోధుమరంగు మబ్బు లేచింది. డబ్బా మీద, మా ఆవిడ జుట్టు మీద, నా చొక్కా మీద, మా అత్తగారి చేతి మీద, పాప ముఖం మీద వాలింది. పాప మొదట అదిరిపడింది. తర్వాత నాలుక చాచి పై పెదవి నాకింది. ఆగింది. అమ్మమ్మ చేయి నాకింది. ఆ తర్వాత చంకలోంచి మొత్తం వంగిపోయి, నా చొక్కా గుప్పిట పట్టుకుని, గుండీల దగ్గర పేరుకున్న పిండిని తినడం మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా చెంచా చూస్తే పెదవులు బిగించిన పిల్ల.

మా అత్తగారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. నా చొక్కా మీద నుంచి చిటికెడు తీసుకుని వాసన చూశారు.

"ఇది నాది," అన్నారు. తర్వాత నా ముఖంలోకి చూసి, "మరి వంటింట్లో ఆ డబ్బాలో ఉన్నదేటి బాబూ?"

చెప్పాను. నీళ్లు తాగి, మళ్లీ దగ్గి, అన్నీ చెప్పాను. ఉండలు, టిఫిను డబ్బా, చోడిపిండి, కిటికీ. మా ఆవిడ బీరువా తెరిచి స్వెట్టర్ల వెనక నుంచి డబ్బా బయటికి తీసింది. మూత తీసి చూసి, మెల్లగా అంది:

"గుండ్లలో బద్దలు కలిపిందని పోయిన నెల మిల్లులో ఆ ముసలమ్మని మూడు రోజులు పన్లోకి రానివ్వలేదు కదండీ మీరు?"



మా అత్తగారు మాత్రం ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నారు. "మరి ఫోన్లో ఉన్నాదన్నారు గదా, ముసలోళ్ల నాలిక సంగతి," అన్నారు. లేదని చెప్పాను. అసలేమీ లేదని, కొత్త పిండి చేస్తే బయటపడిపోతానని నేనే కల్పించానని చెప్పాను. ఆమె పాప మూతి తుడిచారు.

"తిండే కదా, తిన్నారు. అడిగితే ఇంకో డబ్బా సేసిద్దును. నా సెయ్యి పోనాదని నాను నాలుగు రోజులు ఏడిసినాను బాబూ."

చేతులు జోడించడం సినిమాలో లాగా ఉంటుందని చేయలేదు. తప్పయిందత్తా అన్నాను. పిండి ఇంకా గొంతులో ఉంది, సగమే వినపడి ఉంటుంది. ఇంతలో ఆమె చేతిలోని ఫోన్లోంచి గొంతు వచ్చింది. అక్కుపల్లి పిల్ల ఫోన్ పెట్టేయలేదు.

"పెద్దమ్మా, బావ తినీసినాడేటి?"

"అవునే. ఆదివారం వత్తన్నాను. బియ్యం నువ్వు కడగొద్దు, నానే కడుగుతాను."

చీకటి పడేలోపు ఆ ఒడ్డు పొడుగునా తెలిసిపోయింది. భావనపాడు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, ఇక్కడ తిండి పెట్టకుండా పెంచామనుకుంటార్రా అని ఏడ్చింది. తర్వాత ఎలా ఉంటుందిరా అది అని అడిగింది.

మర్నాడు, సోమవారం, మిల్లులో ఆ ముసలమ్మ బల్ల దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాను. ఆమె దేనికో అర్థంకాక నావైపు చూసి, గుప్పెడు పప్పు నా చేతిలో పోసి, సూసుకోండి బాబూ, ఒక్క బద్ద లేదు అంది. నేను చూడకుండానే తిరిగి పోశాను. క్షమాపణ ఆమెకి అందిందో లేదో తెలియదు.

ఆ వారం చివర ఆదివారం మేం ముగ్గురం అక్కుపల్లికి వెళ్లాం. వెళ్లాల్సిన అవసరం నాకు లేదు. కానీ నేను పాడుచేసిన పని అక్కడ మళ్లీ సరిగ్గా జరగడం చూడాలనిపించింది. బియ్యం, పప్పు ముందురోజే వెళ్లి కడిగి ఆరబెట్టారు మా అత్తగారు. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. నేను లోపలికి అడుగుపెట్టగానే మా మరదలు, ఫోన్లో గొంతు తనదే, ఒక చిన్న గిన్నె, చెంచా తెచ్చి నా ముందు పెట్టింది.

"పళ్లొచ్చినాయా బావా, ఇంకా ఉగ్గేనా?"

మెడకి కట్టుకోమని పిల్లాడి గుడ్డ కూడా ఇచ్చింది. కట్టుకున్నాను. అక్కడున్న వాళ్లు ఎంతసేపు నవ్వితే అంతసేపు ఉంచుకున్నాను. వేయించడం అయ్యాక నన్ను తిరగలి ముందు కూర్చోబెట్టారు. చేత్తో విసరడం అంత కష్టమని నాకు తెలియదు. పావుగంటకి భుజం పట్టేసింది. నేను పదకొండు రోజుల్లో తిన్నదంతా ఆమె అలా విసిరి, గుడ్డ పట్టి జల్లించి, ఒళ్లో పెట్టుకుని రెండు బస్సులు మారి తెచ్చిందని భుజం ద్వారా తెలిసింది.

జల్లించాక మా అత్తగారు చిటికెడు నాలుక మీద పెట్టుకున్నారు. అక్కడే ఆగిపోయారు. బాగుందని ఆమె ముఖం చెప్పడం లేదు, బాగాలేదనీ చెప్పడం లేదు. ఇంకో చిటికెడు తీసుకున్నారు. అక్కడ నవ్వుతున్న వాళ్లెవరూ అది గమనించలేదు. నేను గమనించాను, ఎందుకంటే ఆ రెండో చిటికెడు నా వల్ల వచ్చింది.  బాగుందత్తా, వాసనకే తెలుస్తోంది, అన్నాను.

"మీరు సెప్పకండి బాబూ," అన్నారామె, నావైపే చూస్తూ. "మీరు డబ్బా కూడా బాగున్నాదన్నారు. ఆడు సెప్తాడు."

గిన్నెలో ఉడికించి, నెయ్యి చుక్క వేసి, ఊది, ఆ ఆరు నెలల వాడి నోటికి అందించారు. మొదటి చెంచాకి వాడు ముఖం వికారంగా పెట్టాడు. సగం బయటికి తోశాడు. ఆమె చెంచా పట్టుకున్న చేయి గాల్లోనే ఆగింది.  వాడు చప్పరించాడు, కనుబొమలు ముడిచాడు, ఏదో ఆలోచించాడు. తర్వాత నోరు తెరిచాడు. మూసి, మింగి, మళ్లీ తెరిచాడు. నాలుగో చెంచాకి ఆలస్యమయిందని అరిచాడు.

"తింటన్నాడే," అన్నారు మా అత్తగారు, ఎవరితోనో కాదు. ఇంకెవర్నీ రుచి చూడమని అడగలేదు. డబ్బాలోకి పిండి ఎత్తి, మూత బిగించి, అక్కడున్న వాటిలో అన్నిటికంటే ఎత్తయిన అటక మీద పెట్టమని మరదలికి ఇచ్చారు. మరదలికి అందలేదు. స్టూలు వేసుకున్నా అందలేదు. ఆ ఇంట్లో ఆ అటక అందేది నా ఒక్కడికే. అందరూ నావైపు చూశారు.

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.